మారిన వృత్తి, మారని పూనిక

దొర్నిపాడు వంటి పల్లెలో సేద్యము విడిచి వేరొక పనికి పూనుకొన్న యువకుని రెండు భయములు వెన్నాడుచుండును. క్రొత్త పని అబ్బునో లేదో యన్నది మొదటిది. ఓడి తిరిగివచ్చినచో ఊరివారి యెదుట తలయెత్తుకొనుట యెట్లన్నది రెండవది. ఈ రెండవ భయమే తరచుగా మనుష్యుని వెనుకకు లాగును.

ఈ సీమకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి జీవితము ఇచ్చట స్మరింపదగినది. 1883లో కర్నూలులో జన్మించిన వీరు ఎం.ఏ. పట్టము పొంది, రాజమహేంద్రవరమున ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరిరి. 1907లో వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు కళాశాల వారిని వెలివేసెను. సర్కారు కొలువునకు దారి మూసుకొనిపోయెను. అంతట పత్రికారచనకు పూనుకొని, 1908లో బెజవాడ నుండి ‘స్వరాజ్య’ను వెలువరించిరి. ఆ సంవత్సరమే, ఆ పత్రికలోని వ్రాతలకే, కారాగారశిక్ష పడెను.

క్రొత్త వృత్తి తొలి యేటనే చెరసాలకు చేర్చినను వారు కలము విడువలేదు. విడుదలయైన పిదప ఆంధ్రపత్రికకు సంపాదకులైరి. గ్రంథాలయోద్యమమునకును, వయోజన విద్యకును చిరకాలము పాటుపడి 1960లో కన్నుమూసిరి. కళాశాల వెలివేసిన ఆ గురువునకు ఊరూర శిష్యులు ఏర్పడిరి. వృత్తి మారినను, జనులకు చదువు చెప్పవలెనన్న సంకల్పము మారలేదు.

తొలి విత్తనము వానలేక చెడినచో మన రైతు చేను విడిచిపోడు. అదను చూచి మరల గొర్రు కట్టును. క్రొత్త వృత్తిలో మొదటి నష్టమును కూడ అట్లే యెంచవలెను. ఎందులకు మారితిమో మరువని వానిని ఊరివారి మాట వెనుకకు త్రిప్పజాలదు.