ఉక్కునకు ఒరగల్లు: మంగలికత్తి

కత్తిపీట మొద్దువారినచో కూర తరుగుట ఆలస్యమగును. కొడవలి మొద్దువారినచో కోతవానికి చేయి నొచ్చును. మంగలికత్తి మొద్దువారినచో ఆ సంగతిని వెంటనే చెంపయే చెప్పును. ఉక్కు మంచిచెడ్డలను ఇంత నిష్కర్షగా తేల్చు పనిముట్టు మరియొకటి లేదనవచ్చును. అపూర్వమైన ఉక్కులతో ఈ చిన్న కత్తిని చేయవలెనని కొందరు పడిన శ్రమను గూర్చి నేడు మనవి చేసెదను. ఆ కథ మన తెలంగాణమందలి ఒక పల్లె కొలిమియొద్ద మొదలై, లండను నగరమున ఒక ప్రయోగశాల వరకు నడచినది.

మొదట కత్తి సంగతి చూతము. దాని వీపు మందముగా నుండును. రెండు ప్రక్కలను సానచక్రముపై లోతుగా అరగదీయగా, అంచు వెంట్రుక మందములో నూరవవంతు కంటెను పలుచనగును. అంత పలుచని అంచు వంగకుండుటకు కాఠిన్యము కావలెను. విరుగకుండుటకు గట్టితనము కావలెను. ఈ రెండు గుణములకును పొత్తు కుదరుట కష్టము. ఎఱ్ఱగా కాలిన ఉక్కును నీటనో నూనెలోనో ముంచినచో అది గాజువలె కఠినమగును, గాజువలెనే పెళుసగును. అందుచేత కమ్మరి దానిని మరల సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మెల్లగా వేడిచేసి, ఆ పెళుసుదనమును తగ్గించును. పూర్వము ఉష్ణమాపకములు లేవు. మెరుగుపెట్టిన ఉక్కుపై ఎండుగడ్డి వన్నె పొర కనబడగానే చాలునని కన్నే చెప్పెడిది.

ఇక పల్లె కొలిమికి వత్తము. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము కలదు. వాయిసీ అను ఆంగ్ల భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చటి ఉక్కు తయారీని కన్నులార చూచి వ్రాసిన వర్ణనము, ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. రెండు తావుల నుండి తెచ్చిన రెండు తెఱగుల ఇనుమును కలిపి మట్టిమూసలలో నుంచి, మూతలు బిగించి, తిత్తులూదుచు ఒక పగలు ఒక రేయి కాల్చెడివారు. మూసల మట్టిలో వరిపొట్టు కలుపుటచేత అవి అంతటి వేడికిని ఓర్చెడివి. ఇనుము కరగి, నూటికి సుమారు ఒకటిన్నర పాలు కర్బనమును గ్రహించి ఉక్కుముద్దయై దిగెడిది. పారశీక వర్తకులు అంతదూరము వచ్చి ఆ ముద్దలను కొనిపోయెడివారు. ఐరోపావారు ఈ జాతి ఉక్కునకు పెట్టిన ‘వూట్జ్’ అను పేరు దక్షిణ భారత భాషలలోని ‘ఉక్కు’ అను మాటనుండియే పుట్టినదని పండితుల అభిప్రాయము.

18వ శతాబ్ది చివర బొంబాయి నుండి ఈ జాతి ఉక్కుముద్దలు కొన్ని లండను రాయల్ సొసైటీకి చేరినవి. 1795లో పియర్సన్ అను వైద్యుడు వాని పరీక్షాఫలితములను ప్రకటించెను. ఐరోపా కమ్మరులు తమ అలవాటు చొప్పున మిక్కుటముగా కాల్చి కొట్టగా ఆ ఉక్కు సమ్మెట క్రింద పగిలిపోయెడిది. దానికి తక్కువ వేడి, ఎక్కువ ఓర్పు కావలెను. ఆ మర్మమును గ్రహించినవాడు జేమ్స్ స్టోడార్ట్ అను లండను కత్తుల పనివాడు. అతడు దానితో శస్త్రచికిత్సా సాధనములను, మంగలికత్తులను చేసి, తాను ఐరోపా ఉక్కు కంటె భారతదేశపు ఉక్కునే మేలైనదిగా ఎన్నుకొంటినని చాటుకొనెను.

ఈ స్టోడార్ట్‌తో చేతులు కలిపినవాడు మైకేల్ ఫారడే. విద్యుచ్ఛాస్త్రమున ఆయన కీర్తి నెఱుగనివారుండరు. ఆయన ఒక కమ్మరి కుమారుడను మాట కొందఱికే తెలియును. 1819లో ఫారడే మన ఉక్కును విశ్లేషించి, అందలి ప్రత్యేకతకు అల్యూమినియము సంబంధమైన ధాతువు కారణమని తలచెను. అది పొరపాటు. కాని ఆ పొరపాటే క్రొత్త త్రోవ చూపినది. ఏ లోహమును చేర్చిన ఉక్కు మేలగునో చూతమని వారిద్దఱును వెండి, ప్లాటినము, రోడియము మున్నగు వానిని కలిపి పరీక్షించి, 1820, 1822 సంవత్సరములలో ఫలితములను ప్రకటించిరి. వెండి అయిదువందల పాళ్లలో ఒక పాలు మాత్రమే ఉక్కుతో చక్కగా కలియునని తేలినది. ఆ మిశ్రమములలో ఒకదానితో చేయించిన మంగలికత్తులను ఫారడే తరువాతి కాలమున మిత్రులకు కానుకగా ఇచ్చెడివాడు. ఆయన విడిచిపోయిన 79 ఉక్కు తునకలను హాడ్‌ఫీల్డ్ అను లోహశాస్త్రవేత్త పరిశోధించి 1931లో గ్రంథము వెలువరించెను. మిశ్రమలోహపు ఉక్కుల శాస్త్రమునకు ఆ తునకలు తొలిమెట్లు.

నేడును ఐరోపా, అమెరికాలలో కొందఱు పనివారు కోరినవారికి చేతితో మంగలికత్తులు చేసి ఇచ్చుచున్నారు. మూసలలో కరగిన ఉక్కు, పొరలుపొరలుగా అతికిన ఉక్కు, యంత్రముల గుండ్లబేరింగులకు వాడు క్రోమియపు ఉక్కు వారికి ప్రీతిపాత్రములు. వానిపై నీటి అలలవంటి చారలు చూచువారిని మురిపించును. మూస ఉక్కునందలి చారలకు వెనేడియము వంటి ధాతువుల లేశమాత్రపు ఉనికి ముఖ్యకారణమని 1998లో వెర్‌హోవెన్, పెండ్రే అనువారు ప్రయోగపూర్వకముగా నిరూపించిరి. వీరిలో మొదటివాడు ఆచార్యుడు, రెండవవాడు కమ్మరి.

అయినను చార వేఱు, అంచు వేఱు. మెత్తని వెంట్రుక కఠినమైన ఉక్కును ఎట్లు చెఱచునో 2020లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు సూక్ష్మదర్శిని క్రింద చూచిరి. ఉక్కు అమరిక అన్నిచోట్ల ఒక్కతీరున లేనప్పుడు, వంగిన వెంట్రుక ఒరసికొన్నచోట అంచు సన్నసన్నగా పెచ్చులూడునట. కావున ఉక్కు ఎంత అపూర్వమైనదైనను, దాని కణములను సన్నముగా, సమముగా నిలిపిన కొలిమిపనియే కత్తికి ప్రాణము. పేరును చూచి గడ్డము తెగదు.

ఫారడే తన పొరపాటును సైతము వ్రాసి ఉంచెను. కనుక తరువాతివారు దానిని దిద్దుకొనిరి. కోనసముద్రపు పనివాడు తన నేర్పును వ్రాయలేదు, వ్రాయుమని అడిగినవారును లేరు. 19వ శతాబ్దిలో విదేశపు ఉక్కు చౌకగా వచ్చిపడగా ఆ కొలుములు క్రమముగా చల్లారినవి. వాయిసీ వ్రాసిన కొద్ది పుటలును, ఊరిచెంత పెంటదిబ్బలలోని మూసల పెంకులును, చిట్టెమును మాత్రము మిగిలినవి.

శ్రోతలలో ఎవరి యూరనైనను వృద్ధుడైన కమ్మరి ఉన్నచో, ఒక సాయంకాలము ఆయన కొలిమియొద్ద కూర్చుండుడు. కత్తిని నీట ముంచుటకు ముందు ఏ రంగుకొఱకు చూచుదువు తాతా అని అడిగి, ఆయన చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసి ఉంచుడు.