ఎవరి కంచం, ఎవరి నిర్ణయం?

(మంచిర్యాలలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆహారపు హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్లుగా నేను మాంసం, గుడ్లు తినను. పాలు కూడా మానేశాను. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు ఇటువంటివారి కోసం ‘వీగన్’ అనే మాట తెచ్చారు. మన దగ్గర మాత్రం ‘ఆమె ఏమీ తినదు’ అంటారు. అనరా మరి? 2014లో జరిగిన ప్రభుత్వ సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్లేనని తేలింది. మన సింగరేణి కాలనీల్లో యాటకూర వండకుండా దసరా వెళ్లదు.

ఎందుకు మానేశానో చెప్తాను. నాకు బిడ్డ పుట్టిన మూడో నెలలో పక్కింటి బర్రె ఈనింది. మగదూడ. దాన్ని సాకితే ఖర్చే గాని లాభం లేదని పాలు సరిగ్గా వదల్లేదు. పది రోజుల్లో చచ్చిపోయింది. దాని తోలులో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతూ పాలు చేపింది. ఒడిలో చంటిబిడ్డతో నేను అది చూశాను. ఆ తర్వాత పాలు నా గొంతు దిగలేదు. మిగతావి కూడా ఒక్కొక్కటే మానేశాను. అలాగని ఆ ఇంటివాళ్లు దుర్మార్గులు కారు. పాలు అమ్మిన డబ్బుతోనే ఆ ఇల్లాలు పిల్లల్ని చదివించింది.

మా అవ్వకు మాత్రం కోపమొచ్చింది. “ఏందే, బాపనోళ్ల లెక్క అయినవు? మా తిండి నీకు నీచైందా?” అన్నది. అప్పుడు నొచ్చుకున్నాను. తర్వాత ఆలోచిస్తే ఆమె మాటలో చరిత్ర ఉందనిపించింది. మనం మాంసాన్ని ‘నీచు’ అంటాం, హీనమైనదాన్నీ నీచమే అంటాం. తిండిని బట్టి మనిషిని మెట్టు కిందికి తోసిన సమాజం ఇది. అంబేద్కర్ 1948లో అంటరానివారి గురించి రాసిన పుస్తకంలో పశుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని విప్పి చూపించారు.

ఆ ముడి ఇంకా ఉందని నాకు అద్దె ఇల్లు వెతికినప్పుడు తెలిసింది. ఇంటాయన “మీరు వెజ్జేనా?” అని అడిగి, అవునంటే సంతోషంగా తాళంచెవి ఇవ్వబోయాడు. అంతకు వారం ముందు అదే ఇంటిని నా స్నేహితురాలైన దళిత టీచరుకు ఇవ్వనన్నాడు. జంతువు మీద జాలితో నేను మానుకున్న కూర అక్కడ కులం సర్టిఫికెట్‌గా పనికొచ్చింది. ఆ ఇల్లు నేను తీసుకోలేదు.

ఇంకోసారి కొందరు పెద్దమనుషులు వినతిపత్రం పట్టుకుని వచ్చారు. అంగన్‌వాడీలో గుడ్డు ఆపి అరటిపండు పెట్టాలట. “మీరు శాకాహారి కదా, మొదటి సంతకం మీదే” అన్నారు. నేను చేయనన్నాను. గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అరటిపండులో ఒక గ్రాము దాకా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. నేను బి12 మాత్ర కొనుక్కుని మింగుతున్నాను, పప్పులు, పల్లీలు, నువ్వులు చూసుకుని తింటున్నాను. ఆ వెసులుబాటు లేని తల్లి కంచంలోంచి గుడ్డు తీసేయడానికి నా జీవకారుణ్యం సాకు కాకూడదు. 2015లో మధ్యప్రదేశ్‌లో ముఖ్యమంత్రే అంగన్‌వాడీల్లో గుడ్డు వద్దన్నారు. అదే ఏడాది జనవరిలో మన రాష్ట్రంలో ఆరోగ్యలక్ష్మి మొదలైంది. గర్భిణులకు, బాలింతలకు అన్నం, గుడ్డు, పాలు కేంద్రంలోనే కూర్చోబెట్టి పెట్టే పద్ధతి అది. ఎందుకలాగ? ఇంటికిస్తే ఆ గుడ్డు ఎవరి కంచంలోకి పోతుందో మనందరికీ తెలుసు.

అసలు ప్రశ్న అక్కడే ఉంది. ఇంట్లో ఏం తినాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? భర్త మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ఇంట్లో నీచు ఉండదు. ఆయన భక్తి ఆయన ఇష్టం. కాని తెల్లవారుజామున లేచి తలస్నానం చేసి వండేది భార్య. ఆమె నెలలు నిండిన మనిషైనా ఎవరూ అడగరు. మాల తీసిన రోజు కూర వండేదీ ఆమే. పెద్ద ముక్కలన్నీ వడ్డించి అడుగున మిగిలిన పులుసు తినేదీ ఆమే. గాంధీ పాలు తాగనని వ్రతం పట్టి జబ్బుపడితే, వ్రతం ఆవుపాలకూ గేదెపాలకే గాని మేకపాలకు కాదు కదా అని దారి చూపింది కస్తూర్బా. నియమం పెట్టుకునేది ఒకరైతే బతికించే భారం ఇంకొకరిది.

అలాగని తినేవాళ్లను జంతువుల ప్రశ్న అడగకుండా వదిలిపెట్టను. మనం పోరాడి తెచ్చుకున్న గుడ్డు పెట్టే కోడి, రెక్క విప్పడానికి కూడా చోటులేని ఇనుప గూటిలో బతుకుతుంది. ఈ పద్ధతి మారాలని 2017లో లా కమిషన్ కూడా చెప్పింది. ‘మేం పేదలం, మాకిదంతా ఎందుకు’ అనకండి. ఒంటి మీద హక్కు లేకుండా, పాలకూ పిల్లలకూ మాత్రమే లెక్కకు రావడం ఎలా ఉంటుందో స్త్రీలకు చెప్పనక్కరలేదు. ఆ కోడికి కాస్త చోటివ్వమని అడగడం పిల్లల గుడ్డు లాక్కోవడం కాదు. రెండూ కలిపి అడగవచ్చు.

నేను కోరేది ఇంతే. మానుకోవడం నా ఇష్టం. నా ఇష్టాన్ని ఇంకొకరి కంచం మీద రుద్దే హక్కు నాకు లేదు, ఇంటాయనకు లేదు, ప్రభుత్వానికి లేదు. మీ బస్తీల్లో గుడ్డు ఆపాలనే కాగితం వస్తే సంతకం చేసే ముందు ఆ గుడ్డు తినే తల్లిని అడగండి. ఇళ్లకు వెళ్లినప్పుడు ఏం వండారని మాత్రమే కాదు, చివర ఎవరు తిన్నారు, వాళ్లకేం మిగిలిందని కూడా అడగండి.

మా అవ్వ ఇప్పుడు ముసలిదైంది. ఆదివారం ఆమెకు కోడికూర నేనే వండుతాను. ఆమె నాకు పప్పులో నెయ్యి వేయకుండా గుర్తుంచుకుంటుంది. ఇద్దరం ఒకేసారి కూర్చుని తింటాం.