పెరట్లో తేనెపెట్టెలు



ఉగాదికి పుట్టింటికి వెళ్ళొచ్చానంటే, చీరేం పెట్టారని అడుగుతారు కదూ మీరంతా. ఆ ముచ్చట ఇంకోసారి చెబుతాను. నేను ఆ ఇంట అడుగు పెట్టగానే కాళ్ళు కడుక్కుని ముందు పోయేది పెరట్లోకి. నూజివీడు దగ్గర మా ఊళ్ళో, మునగచెట్టు నీడన, మా నాన్నగారు పెంచిన మూడు తేనెపెట్టెలున్నాయి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ సంక్రాంతికోసారి, ఉగాదికోసారి వాటిని విప్పి చూసి రావడం నా వంతుకొచ్చింది. అమ్మకు డెబ్భై దాటాయి, చూపు సరిగా ఆనదు. తమ్ముడికి ఈగంటే హడలు. "అక్కయ్యా, ఎవరికైనా ఇచ్చేద్దాం" అని ఏడాదిగా పోరుతున్నాడు.

ఈసారి అబ్బాయి ఇంటరు పరీక్షలని సంక్రాంతికి నేను కదల్లేదు. ఆ తప్పు మొదటి పెట్టె మూత తీయగానే బయటపడింది. లోపల ఒక్క ఈగ లేదు. తెట్టెలనిండా సాలెగూడులాంటి దారాలు, నల్లటి నలుసులు, తెల్లటి పురుగులు. రాత్రిపూట తిరిగే బూడిదరంగు చిమ్మట ఒకటుంది, అది పెట్టెలో దూరి గుడ్లు పెడుతుంది. ఆ పురుగులు మైనాన్ని తినేస్తాయి. ఈగలు దండిగా ఉన్న పట్టులో దాని ఆటలు సాగవు. బలం తగ్గితే మాత్రం మన దేశవాళీ ఈగలు పోరాడుతూ కూచోవు, ఇల్లు వదిలి లేచిపోతాయి. సంక్రాంతికి నేను వెళ్ళి పాత తెట్టెలు తీసేసి ఉంటే నిలిచేవేమో.

"మాఘమాసంనుంచీ దాంట్లో చప్పుడు లేదే" అంది అమ్మ, వెనకనుంచి.

"మరి చెప్పలేదేం?"

"పిల్లాడి పరీక్షలన్నావుగా."

ఇంక నేనేమంటాను చెప్పండి.

రెండో పెట్టె విప్పాను. ఎలా విప్పాలో రెండు మాటలు చెబుతాను వినండి. ఎండ కాస్త ఎక్కాక, తొమ్మిది పది గంటలకు, సగం ఈగలు మేతకు పోయి ఉంటాయి, అప్పుడు విప్పాలి. వాటి ద్వారానికి ఎదురుగా నిలబడకూడదు, పక్కన నిలబడాలి. సెంటు, పూలు పనికిరావు. జడలో మల్లెపూలు తీసి చూరులో పెట్టాను. కొబ్బరిపీచు కాల్చి రెండంటే రెండు ఊదులు పొగ. ఎక్కువైతే వాటికి కోపం వస్తుంది. మా పెట్టెలు న్యూటన్ పెట్టెలంటారు, కింది అరలో ఏడు చట్రాలు పడతాయి. అక్కడ పిల్లలు పెరుగుతాయి, పై అరలో తేనె దాస్తాయి. మనం తీసుకోవలసింది పై అరలోదే. పిల్లలున్న తెట్టెను పిండి తేనె తీయడం పాపం, పైగా ఆ తేనె నిలవుండదు కూడా.

రాణి కనబడలేదని బెంగపడక్కర్లేదు. గదుల అడుగున, కత్తిరించిన తెల్లదారం ముక్కలు నిలబెట్టినట్టు గుడ్లు కనబడ్డాయంటే, గడిచిన మూడు రోజుల్లో రాణి అక్కడ తిరిగిందన్నమాటే. పిల్లపురుగులు ముత్యాల్లా తెల్లగా ఉండాలి. అవి నీళ్ళు నిండిన సంచుల్లా ఉబ్బి చచ్చి ఉంటే రోగం తగిలిందని లెక్క. 1991-92లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో దేశవాళీ పట్లు లెక్కలేనన్ని పోయాయి. మావీ పోయాయి. నాన్నగారు ఖాళీ పెట్టెల ముందు కూచున్న సాయంత్రం నాకింకా గుర్తే. తర్వాత చాలా ఏళ్ళకు గానీ మళ్ళీ పట్లు తెచ్చుకోలేదు. అందుకే రెండో పెట్టెలో ముత్యాలు చూసి ఊపిరి పీల్చుకున్నాను.

మూడోదాని దగ్గరకు వెళ్ళేసరికి అమ్మ, "దాని మోత మారింది, చూడు" అంది. విప్పితే ఈగలు కిక్కిరిసి ఉన్నాయి. తెట్టెల కింది అంచున వేరుసెనగ కాయల్లా నాలుగు గూళ్ళు వేలాడుతున్నాయి. అవి కొత్త రాణులు పెరిగే గూళ్ళు. వేపపూత, కానుగపూత మొదలయ్యే ఈ రోజుల్లో మేత పుష్కలమై ఇల్లు ఇరుకవుతుంది. అప్పుడు పాతరాణి సగం సంసారాన్ని వెంటబెట్టుకుని ఎగిరిపోతుంది. నాలుగు రోజులాగి వెళ్ళి ఉంటే, అదీ దక్కేది కాదు.

దాన్ని రెండు చేయాలి. ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. తమ్ముణ్ణి కేకేశాను. వాడు మా మరదలి చున్నీ తలకు చుట్టుకుని, పొగడబ్బా పట్టుకుని, గజం దూరంలో నిలబడ్డాడు. పాడైన తెట్టెలు కాల్చేసి, ఖాళీ పెట్టెను గీకి ఎండలో పెట్టాం. మర్నాడు పాతరాణిని, దాంతో మూడు చట్రాల ఈగలను అందులోకి మార్చి పెరటి ఆ చివర పెట్టాం. పాత పెట్టెలో మంచి రాణిగూడు ఒక్కటుంచి మిగతావి కోసేశాను. చీమలెక్కకుండా కోళ్ళకింద నీళ్ళగిన్నెలు అమ్మే సర్దింది.

అన్నట్టు, ఫ్లాట్లలో బాల్కనీ కింద పెద్ద తెట్టె పట్టిందని కొందరు నన్నడుగుతుంటారు. అవి ఇవి కావు. అవి ఒకటే పెద్ద తెట్టె కట్టే కొండ తేనెటీగలు, పెట్టెల్లో ఇమడవు. వాటి జోలికి మనం పోకూడదు, తెలిసినవాళ్ళనే పిలవాలి.

ఇంతకీ పాత పెట్టెలో కొత్త రాణి పుట్టి, బయటికెళ్ళి జతకట్టి, తిరిగొచ్చి గుడ్లు పెట్టాలి. మూడు వారాలాగి ఎవరో ఒకరు విప్పి చూడాలి. నేనిక్కడ, అమ్మకు గుడ్లు ఆనవు. తమ్ముడు ఏమీ అనకుండా బస్సెక్కించాడు.

మొన్న పొద్దున్నే ఫోను. "అక్కయ్యా, దారం ముక్కల్లా నిలబడి ఉంటాయన్నావు చూడు, ఉన్నాయే! రెండు చట్రాలనిండా ఉన్నాయి. కుట్టించుకున్నాననుకో. అమ్మ సున్నం రాసింది."