కారుకు బటన్ స్టార్ట్ పెట్టించే ముందు

పోయిన శుక్రవారం మీటింగ్‌లో మాట్లాడిన మాటలివి. నైట్ డ్యూటీ వాళ్లు రాలేకపోయారు, రాసి గ్రూపులో పెట్టమని అడిగారు. మాట్లాడినట్టే రాస్తున్నా, చదువు పదో తరగతి దాకానే కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

మన దుబాయ్, షార్జా, అబుదాబి క్యాంపుల్లో ఇప్పుడు ఒక కొత్త మోజు నడుస్తోంది. ముగ్గురో నలుగురో కలిసి పాత సన్నీనో, కరోలానో, యారిస్‌నో కొంటారు. కొన్న నెలకే ఎవడో ఒకడు ఫోన్‌లో వీడియో చూపిస్తాడు: "అన్నా, తాళం పనే లేదు, బటన్ నొక్కితే స్టార్ట్, జేబులో రిమోట్ ఉంటే డోర్ కూడా అదే తెరుచుకుంటది" అని. కిట్టు చౌక. సందులో ఉన్న గ్యారేజీవాడు గంటన్నరలో బిగిస్తానంటాడు. సాయంత్రానికి డ్యాష్‌బోర్డు మీద నీలం లైటు వెలుగుతుంది, ఆ ఫోటో ఊరికి పోతుంది.

వద్దని చెప్పడానికి రాలేదు నేను. ఆశపడటంలో తప్పేముంది, ఎండలో పన్నెండు గంటలు నిలబడ్డోడు తన బండిని కొంచెం సోకు చేసుకుంటే. కాని ఆ బటన్ వెనక ఏం కోస్తున్నారో, ఏం కలుపుతున్నారో తెలుసుకుని పెట్టించుకోండి.

బటన్‌తో స్టార్ట్ చేయడం కొత్త సంగతేం కాదు. మోటారుతో ఇంజన్ తిరిగే పద్ధతి 1912 క్యాడిలాక్ కారులోనే వచ్చింది. అంతకుముందు ముందర హ్యాండిల్ పెట్టి తిప్పాల్సిందే. మన ఊళ్లల్లో పాత లారీలకు, అంబాసిడర్లకు హ్యాండిల్ తిప్పడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. హ్యాండిల్ ఎదురు తన్నితే చెయ్యి విరిగేది. ఆ బాధ పోగొట్టడానికే ఈ స్టార్టర్ మోటారు వచ్చింది.

ఇప్పుడు తాళం సంగతి. మనం తాళం తిప్పడం ఒకటే పని అనుకుంటాం. కాదు. ఆ ఒక్క తాళం నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, స్టీరింగ్ లాక్ తీస్తుంది, అది ఇనుప గూటం, మెషిన్ పని. రెండు, తాళం తల లోపల చిన్న చిప్ ఉంటుంది, బండి దాన్ని గుర్తుపడితేనే ఇంజన్‌కు పెట్రోలు, స్పార్కు ఇస్తుంది. మూడు, కరెంటును మెట్టుమెట్టుగా వదులుతుంది: మొదట రేడియోకు, తర్వాత ఇంజన్‌కు, చివర స్టార్టర్‌కు. నాలుగు, ఆటోమేటిక్ బండిలో గేర్ పార్కింగ్‌లో పెట్టందే తాళం బయటికి రానివ్వదు.

కంపెనీ నుంచే బటన్‌తో వచ్చిన కారులో ఈ నాలుగు పనులనీ కంప్యూటర్ చూసుకుంటుంది. రిమోట్ లోపల ఉందా, బ్రేక్ తొక్కారా, గేర్ ఎక్కడుంది, బండి కదులుతోందా అని అన్నీ అడిగి గాని స్టార్టర్‌కు కరెంటు ఇవ్వదు. బజార్లో కొన్న కిట్టుకు ఆ కళ్లు లేవు. మెకానిక్ ఏ వైరు కలిపితే ఆ సంగతే దానికి తెలుస్తుంది. కలపని వైరు గురించి అది అడగదు.

మెకానిక్ చేసేది ఏమిటంటే, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవరు విప్పి, తాళం స్విచ్చి వెనక ఉన్న నాలుగైదు లావు వైర్లను కోసి, కిట్టు డబ్బాకు కలుపుతాడు. అందులో ఒకటి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు ఉండేది. బండిలో అన్నిటికన్నా ప్రమాదమైన జాయింటు అక్కడే పడుతుంది.

మీలో చాలామంది అంటారు, "12 వోల్టులే కదా అన్నా, షాక్ కొట్టదు కదా" అని. కొట్టదు, నిజమే. కాని లెక్క చూడండి. 240 వాట్ల పనికి సైట్‌లో 240 వోల్టుల మీద 1 ఆంపియర్ పోతుంది. అదే 240 వాట్లు కారులో 12 వోల్టుల మీద కావాలంటే 20 ఆంపియర్లు పోవాలి. వోల్టు తగ్గిన కొద్దీ ఆంపియర్ పెరుగుతుంది, ఆంపియర్ పెరిగితే వైరు వేడెక్కుతుంది. బ్లోయర్, లైట్లు, ఇంజన్ కరెంటు అంతా ఆ రెండు మూడు జాయింట్ల గుండానే పోతుంది. సైట్‌లో వైరు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటును నేను ఒప్పుకోను, కోసి పారేయిస్తా, నాతో పనిచేసిన వాళ్లకు తెలుసు. మరి మీ మోకాళ్ల పైన, ప్లాస్టిక్ లోపల, అదే జాయింటు ఎట్లా ఒప్పుకుంటారు?

ఇక్కడి ఎండ సంగతి వేరే. జూలైలో మూసిన బండి డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. రాగి తీగ బయటపడి స్టీరింగ్ ఇనుముకు తగిలిందంటే, మధ్యలో ఫ్యూజు లేకపోతే, వైరు ఎర్రగా కాలుతుంది. అందుకని ఫ్యూజు ఉందా లేదా అని మొదట అడగండి. జాయింట్లు సోల్డర్ చేసి గాని, సరైన లగ్గు పెట్టి క్రింపు చేసి గాని, పైన వేడికి బిగుసుకునే స్లీవు ఎక్కించాలి. చౌక కిట్ల వైర్లు కొన్ని చూడటానికి లావుగా ఉంటాయి, గీకి చూస్తే లోపల అల్యూమినియం, పైన రాగి పూత. అది రాగి మోసినంత కరెంటు మోయదు.

స్టీరింగ్ లాక్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. తాళం లేకుండా బండి నడపాలంటే ఆ ఇనుప గూటాన్ని ఏదో ఒకటి చేయాలి. కొందరు మెకానిక్‌లు గూటం తీసేస్తారు. కొందరు తాళాన్ని సగం తిప్పి లోపలే వదిలేస్తారు, లేదా తాళం తల కోసేసి మొదలు లోపలే ఉంచుతారు. తీసేస్తే దొంగకు అడ్డం లేదు. లోపల వదిలేస్తే, ఎవరి మోకాలో, పిల్లాడి చెయ్యో తగిలి అది లాక్ వైపు తిరిగితే? షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ రోడ్డు మీద 110 లో పోతుంటే స్టీరింగ్ బిగుసుకుంటే ఏమైతదో నేను చెప్పక్కర్లేదు. "స్టీరింగ్ లాక్ ఏం చేస్తున్నావు భాయ్" అని మెకానిక్‌ను నిలబెట్టి అడగండి. జవాబు తిన్నగా రాకపోతే బండి వెనక్కి తీసుకోండి.

చిప్ సంగతీ అంతే. బండి చిప్‌ను అడుగుతుంది కాబట్టి, రెండో తాళంలోంచి చిప్ తీసి స్టీరింగ్ దగ్గరే లోపల అతికిస్తారు. అంటే తలుపు బయట పెట్టాల్సిన తాళాన్ని తలుపుకే కట్టేసి పోయినట్టు. బండికి ఇక ఎవరూ పరాయి కాదు.

గేర్ విషయానికి వస్తే, మా సైట్ పార్కింగ్‌లో జరిగింది చెప్తా. ఒక తమ్ముడిది మాన్యువల్ బండి. ఫస్ట్ గేర్‌లో పెట్టి ఆపే అలవాటు, చాలామందికి ఉన్న అలవాటే. కిట్టుకు రిమోట్ స్టార్ట్ కూడా ఉంది, దూరం నుంచే ఏసీ వేసుకోవచ్చని పెట్టించాడు. పని అయ్యాక సేఫ్టీ జాకెట్ విప్పుతుంటే జేబులో రిమోట్ నొక్కుకుంది. బండిలో ఎవరూ లేరు. గేర్‌లో ఉన్న బండి స్టార్టర్ మోటారు మీదే ముందుకు దూకింది. ముందు బ్లాకుల పేర్పు, మధ్యలో నీళ్లు తాగుతున్న మా మేస్త్రీ. జానెడు దూరంలో ఆగింది. ఆయన ఇప్పటికీ ఆ బండి ముందు నుంచి నడవడు. మాన్యువల్ బండికి రిమోట్ స్టార్ట్ వద్దే వద్దు, ఎవడు ఎంత చౌకగా ఇస్తానన్నా.

ఆటోమేటిక్ బండిలో అయితే గేర్ పార్కింగ్‌లోనో న్యూట్రల్‌లోనో లేకపోతే స్టార్టర్‌కు కరెంటు పోకుండా ఆపే స్విచ్చి కంపెనీయే పెడుతుంది. కిట్టు వైరు ఆ స్విచ్చికి ముందు కలిపితే ఆ కాపలా మిగులుతుంది. పని తొందరగా కావాలని నేరుగా స్టార్టర్‌కే వైరు లాగితే కాపలా పోతుంది. ఇంకోటి, తాళం లేదు కాబట్టి గేర్ డ్రైవ్‌లో మరిచిపోయి బటన్ నొక్కి దిగి వెళ్లిపోవచ్చు, ఆపేవాళ్లు లేరు. హ్యాండ్ బ్రేక్ అలవాటు చేసుకోండి.

బండి తీసుకునే ముందు, డబ్బులు ఇవ్వకముందు, అక్కడే గ్యారేజీలో చూడాల్సినవి చెప్తా. ముందర ఎవరూ లేకుండా చూసుకోండి. బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కండి, ఇంజన్ తిరగకూడదు. బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని, గేర్ డ్రైవ్‌లో పెట్టి నొక్కండి, అప్పుడూ తిరగకూడదు. ఇంజన్ నడుస్తుండగా, బండి నిలబెట్టి, ఒకసారి మెల్లగా తాకండి. ఒక్క తాకుడుకే ఇంజన్ ఆగిపోయిందంటే ఆ కిట్టు పనికిరాదు. రోడ్డు మీద పక్కవాడి వేలు తగిలినా ఆగిపోతుంది. ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేక్ ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత రాయిలా అవుతుంది, కరెంటు పోయింది కాబట్టి ఎయిర్‌బ్యాగ్ కూడా నమ్మకం లేదు. మంచి కిట్టు నడుస్తున్నప్పుడు కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటేనే ఆగుతుంది. ఆ తర్వాత ఏసీ ఫుల్, లైట్లు వేసి ఇరవై నిమిషాలు నడవనిచ్చి, కింద వైర్లను చేత్తో పట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేకపోతే విప్పించండి. ఇరవై నిమిషాలు ఇంజన్ నడిపేది బయట గాలిలో, మూసిన షెడ్డులో కాదు. పొగలో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్ర పట్టినట్టే పోతారు.

రిమోట్ లోపల సీఆర్ 2032 లాంటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే బండి ఎట్లా తెరవాలో, ఎట్లా స్టార్ట్ చేయాలో మెకానిక్ దగ్గరే ఒకసారి చేసి చూసుకోండి. లివా దారిలో రాత్రి పూట నేర్చుకునే పని కాదది.

ఛుట్టీకి పోయేవాళ్లకు ఒక మాట. ఈ కిట్టు బండి ఆపినా నిద్రపోదు, రిమోట్ కోసం ఎదురుచూస్తూ కొంచెం కరెంటు తాగుతూనే ఉంటుంది. అది 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్ అవర్. రెండు నెలల ఛుట్టీ అంటే 60 రోజులు, మొత్తం 43. చిన్న కారు బ్యాటరీయే 45 ఉంటుంది. ఊరి నుంచి వచ్చేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుంది, రిమోట్‌తో డోర్ కూడా తెరుచుకోదు. పోయేటప్పుడు బ్యాటరీ నెగటివ్ విప్పి పోండి, అసలు తాళం మాత్రం దగ్గరుంచుకోండి, దాన్ని పారేసిన వాళ్లూ ఉన్నారు.

కంపెనీ బండికి, అద్దె బండికి ఈ పని అసలు చేయించొద్దు. మీది కాని బండిలో వైరు కోస్తే, లెక్క తేల్చేటప్పుడు మీ జీతంలోంచే కోస్తారు. నలుగురు కలిసి కొన్న బండి అయినా ముల్కియా ఒక్కడి పేరు మీదే ఉంటుంది. ఏదన్నా జరిగితే పోలీసు ముందు నిలబడేది వాడు. వాడి ఒప్పుకోలు లేకుండా మిగతా ముగ్గురు బటన్ పెట్టించడం న్యాయం కాదు. మనలో చాలామందిది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, బండి కాలిపోతే దాని కింద మనకు పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటే, బండిలో మార్పులు చేయొచ్చా లేదా అని ముందే ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి.

కొందరు సోకు కోసం కాదు, తాళం సరిగ్గా తిరగక బటన్ వైపు పోతున్నారు. తాళం స్విచ్చి లోపల కాంటాక్టులు అరిగితే ఎండ వేళ స్టార్ట్ కాదు. దానికి మందు బటన్ కాదు, తాళం వెనక ఉండే ఆ స్విచ్చి ముక్క మార్పించడమే. చాలా పాత బండ్లకు అది విడిగా దొరుకుతుంది.

బటన్ కావాల్సిందేనంటే నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. తాళం ఉంచేయండి. తాళం పెట్టి ఆన్ దాకా తిప్పాలి, స్టార్ట్ మాత్రం బటన్‌తో. దీనికి ఒక నొక్కుడు బటన్, 40 ఆంపియర్ల రిలే, ఒక ఫ్యూజు చాలు. రిలే మీద నంబర్లు ఉంటాయి: 30 కి ఫ్యూజు ద్వారా బ్యాటరీ, 87 నుంచి తాళం వెనకున్న స్టార్ట్ వైరుకు, 86 కు బటన్, 85 బాడీకి. బటన్‌కు కరెంటు తాళం ఆన్ చేస్తేనే వచ్చే వైరు నుంచి తీసుకోవాలి. అప్పుడు బటన్ మీద పడే కరెంటు చాలా తక్కువ, బరువు రిలే మోస్తుంది. స్టీరింగ్ లాక్ ఉంటుంది, చిప్ ఉంటుంది, గేర్ స్విచ్చి ఉంటుంది. ఒక లోటు ఉంది: ఇంజన్ నడుస్తున్నప్పుడు బటన్ నొక్కితే స్టార్టర్ పళ్లు గీరుకుంటాయి, కాబట్టి ఎవరి చెయ్యీ తగలని చోట పెట్టించండి. మాన్యువల్ బండికైతే న్యూట్రల్ చూసుకోవడం మీ పనే.

ఇది మీరే విప్పి చేసుకోమని చెప్పడం లేదు. ఎవరు చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, చివర్లో బిగించాలి. స్టీరింగ్ దగ్గర పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోకూడదు.

మీటింగ్‌కు వచ్చినవాళ్లలో ఆరుగురు ఇప్పటికే పెట్టించుకున్నామని చేతులెత్తారు. వచ్చే శుక్రవారం నమాజు టైము అయ్యాక క్యాంపు వెనక ఖాళీ జాగాకు బండ్లు తీసుకురండి. మల్టీమీటర్, టెస్ట్ లైటు నేను తెస్తా. స్టీరింగ్ కింద కవరు విప్పడానికి స్టార్ స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరన్నా ఉంటే తీసుకురండి, నాది ఎవరో తీసుకుపోయి ఇంకా ఇవ్వలేదు.