పాతవాచీకి క్రొత్తముఖము
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సభ్యుల యిండ్లలో ఏ బీరువా సొరుగు లాగినను, దస్తావేజుల క్రిందనో పాత కళ్లజోటి ప్రక్కనో ఆగిపోయిన చేతిగడియారమొకటి తరచుగా కనబడును. అది తండ్రిగారిదో మామగారిదో అయియుండును. పెండ్లిలో అల్లునికి పెట్టినది కావచ్చును. ఉద్యోగ విరమణనాడు తోడివారు చందాలు వేసికొని యిచ్చినది కావచ్చును. ఏనాడో దానిపై ప్రేమ కలిగినపుడు మనవారు దుకాణమునకు తీసికొనిపోయి “క్రొత్తదానివలె చేసి యిండు” అందురు. నా అభ్యంతరమంతయు ఆ ఒక్కమాట మీదనే.

ఈ వాచీలలో పెక్కు హెచ్.ఎం.టి.వి. కేంద్రప్రభుత్వ సంస్థయైన హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1961లో జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారముతో బెంగుళూరులో వాచీల నిర్మాణమునకు పూనుకొన్నది. అంతకుముందు వెస్ట్ ఎండ్, ఫావ్రె ల్యూబా వంటి స్విస్ వాచీలదే రాజ్యము. జనతా, పైలట్ వచ్చిన తరువాత గుమాస్తా చేతికిని గడియారము వచ్చినది. టాటావారు తమిళనాడు ప్రభుత్వ సంస్థతో కూడి 1984లో టైటాన్ స్థాపించిరి. ఆ క్వార్ట్జు కాలములోనే కీ ఇచ్చెడి వాచీలు సొరుగులు చేరినవి. (ఈ ఊరిలో ఉండి టాటావారిని ఇందుకు తప్పుపట్టుట భావ్యము కాదు!) 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గము హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు ఆమోదము తెలిపినది. నాటి భాగములు ఇక సులభముగా దొరకవు. కావుననే ఇంటిలోనున్న దానిని చెడగొట్టుకొనరాదు.

లోపలి సంగతి క్లుప్తముగా చెప్పెదను. మనమిచ్చు కీ మెయిన్ స్ప్రింగును బిగించును. అది విప్పుకొనుచు పండ్లచక్రములను త్రిప్పును. ఆ విప్పుకొనుటకు కొలత పెట్టునది బ్యాలెన్సు చక్రము. దాని నడుమ వెంట్రుకవలె సన్నని తీగచుట్ట, అదియే హెయిర్ స్ప్రింగు. జనతా వాచీలో ఆ చక్రము సెకనుకు అయిదుసార్లు, రోజుకు 4,32,000 సార్లు కొట్టుకొనును. రోజునకు 86,400 సెకన్లు; అందులో ముప్పది తప్పుట పెద్ద నేరము కాదు. ఆఫీసునకు ఆలస్యముగా వచ్చి వాచీని సాకుగా చెప్పువారి సంగతి వేరు.

ఉక్కునగరవాసులము గనుక ఆ తీగ దగ్గర కొంచెము నిలువవలెను. మామూలు ఉక్కుతీగ వేడికి పట్టు సడలును. వాచీ ఒక్కొక్క డిగ్రీకి రోజుకు సుమారు 11 సెకన్లు వెనుకబడును. జంషెడ్‌పూరు జనవరి ఉదయమునకును మే మధ్యాహ్నమునకును నడుమ ముప్పది డిగ్రీల తేడా అనుకొన్నచో రోజుకు అయిదు నిమిషములు పైచిలుకు! ఈ చిక్కు విప్పినవాడు స్విట్జర్లండు దేశీయుడు షార్ల్ ఎడ్వార్డ్ గియోమ్. ఇనుము, నికెలు కలిపి వ్యాకోచము మిక్కిలి స్వల్పమగు ఇన్వారును, పిమ్మట క్రోమియమును చేర్చి, వేడికి స్థితిస్థాపకత మారని ఎలిన్వారును సాధించి, 1920లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానమందెను. 1950 నవంబరు 26న నెహ్రూగారు ఇచ్చట ప్రారంభించిన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీలోని మిత్రులకు ఇది క్రొత్త కాదు.

కార్ఖానాలో తిరిగిన వాచీకి మరొక జబ్బు కలదు. పెద్ద మోటారుల చెంతను, ఇనుపతుక్కు నెత్తు విద్యుదయస్కాంతముల చెంతను అది అయస్కాంతమును పట్టుకొనును. తీగచుట్లు ఒండొంటికి అంటుకొని, తీగ పొడవు తగ్గినట్లయి, వాచీ ముందునకు పరుగెత్తును. మొబైలు కవరులోని అయస్కాంతమును ఇదే పని చేయగలదు. యంత్రమే మార్చవలెనని చెప్పిన వెంటనే ఒప్పుకొనకుడు. డీమాగ్నెటైజరుపై కొన్ని క్షణములలో తీరదగిన జబ్బది.

ఇక డయలు మాట. తెల్లని డయలు యేండ్లు గడచి మీగడరంగు తిరుగును. అంచున చెమ్మమచ్చ పడును. దుకాణమున దానిని గీకి, పచ్చగానో ఎఱ్ఱగానో రంగు వేసి, పేరు మరల అచ్చువేయుదురు. నిమిషపు గీతలు ముల్లుతో సరిపడవు, అక్షరములు అలికినట్లుండును. కంపెనీ ఎన్నడును చేయని రంగులలో ఇట్టి వాచీలు బజారున కుప్పలుగా ఉన్నవి. కొనువారు మొదట భూతద్దముతో అక్షరములను చూడవలెను, తరువాతనే ధర అడుగవలెను. వెనుకమూతకు మెఱుగు పెట్టించుట మరియు ఘోరము. బహూకరించినవారి పేర్లు, తేదీ అచ్చటనే చెక్కియుండును. రెండుసార్లు మెఱుగు పెట్టినచో అవి మాసిపోవును. మూత లోపలివైపున మునుపు బాగుచేసిన పనివారు సూదితో గీసికొన్న గుర్తులుండును. ఒక కుటుంబము ఆ వాచీని ఎన్నిమార్లు బ్రతికించుకొన్నదో చెప్పు సాక్ష్యము మరెక్కడను దొరకదు.

చీకటిలో వెలుగు అంకెలు గల 1960కి పూర్వపు వాచీలలో చాలవాటికి రేడియము పూత ఉండును. వెలుగు ఆరినను రేడియము పోదు. అది సగమగుటకే సుమారు 1,600 సంవత్సరములు పట్టును. దానిని ఇంటిలో విప్పరాదు, గీకరాదు.

మరి పాతవాచీని ధరింపవచ్చునా? తప్పక ధరింపవచ్చును. అయితే ఇరువదియేండ్లు ఊరకున్నదానికి ఒక్కసారిగా కీ ఇచ్చి పరుగెత్తింపరాదు. ఎండిన నూనె, దుమ్ము కలిసి ఇరుసులను అరుగదీయును. మొదట శుభ్రము చేయించి నూనె వేయించి, పిమ్మట నాలుగైదేండ్లకొకసారి అట్లే చేయించవలెను. రోజును ఒకే వేళకు కీ ఇచ్చి, గట్టిపడగానే ఆపవలెను. మునుపు ఆకాశవాణి వార్తలకు ముందటి పిప్పులు వినుచు పెద్దలు ఆ పని చేసెడివారు. వాననీరు సోకనీయరాదు, పాత రబ్బరు పట్టీలు గట్టిపడి తడిని ఆపలేవు.

దుకాణమున వాచీని ఇచ్చునపుడు చెప్పవలసినవి మూడే: లోపల శుభ్రము చేయుడు, డయలును మూతను ముట్టకుడు, మార్చిన పాతభాగములను నాకు తిరిగి ఇండు. ఆ భాగములను ఒక చిన్న కవరులో వేసి, పైన తేదీయు, వాచీ ఎవరిదో వారి పేరును వ్రాసి, అదే సొరుగులో ఉంచుడు.