సున్నా వేరు, ఖాళీ వేరు

(క్షేత్ర కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనమంతా కేసు రిజిస్టర్లనూ సర్వే ఫారాలనూ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. నివేదిక గడువు ముంచుకొచ్చినప్పుడు ఖాళీ గడుల్లో సున్నా కొట్టేయడం, సున్నా వేయాల్సిన చోట ఖాళీగా వదిలేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. "ఏదైనా ఒకటే కదా మేడమ్" అంటారు. ఒకటి కాదు. ఇదేదో సాంకేతిక విషయమని ఆపరేటరుకి వదిలేస్తే నష్టపోయేది స్త్రీలే.

"రోజుకూలి" అనే గడి తీసుకోండి. అందులో 0 ఉందంటే మనం అడిగాం, కూలి లేకుండానే పని చేస్తున్నానని ఆమె చెప్పింది అని అర్థం. సొంత పొలంలోనో ఇంటి మగ్గం మీదో పనిచేసే స్త్రీ ఇచ్చే జవాబు అది. గడి ఖాళీగా ఉంటే మనం అడగలేదు, లేదా ఆమె చెప్పలేదు, లేదా పక్కనే కూర్చున్న భర్త చెప్పనివ్వలేదు. సున్నా జీతం లేని శ్రమకు సాక్ష్యం. ఖాళీ మన సర్వేలోని లోపానికి సాక్ష్యం. రెండూ కలిపేస్తే దేనికీ సాక్ష్యం మిగలదు.

డేటాబేసులో ఖాళీని "నల్" అంటారు, విలువ తెలియదని దాని అర్థం. తెలియనిదాన్ని సున్నాతో పోల్చమంటే ఎస్.క్యు.ఎల్. సమానమనీ అనదు, కాదనీ అనదు. ఒక ఊళ్లో వందమంది స్త్రీల వివరాలున్నాయనుకుందాం. 50 మందికి రోజుకి 200 రూపాయలు, 30 మందికి సున్నా, 20 మంది గడులు ఖాళీ. "కూలి సున్నా ఉన్నవాళ్లు" అని వెతికితే 30 మంది వస్తారు. "కూలి సున్నా కానివాళ్లు" అని వెతికితే 50 మంది వస్తారు. మిగతా 20 మంది రెండు జాబితాల్లోనూ ఉండరు. "ఈజ్ నల్" అని విడిగా అడిగితేనే బయటపడతారు.

ఇక సగటు చూడండి. కంప్యూటరు ఖాళీలను వదిలేసి, సున్నాలను కలుపుకుని 125 రూపాయలంటుంది. ఖాళీల్లో మనం సున్నా కొడితే అది 100కి పడిపోతుంది. సున్నాలను కూడా ఖాళీ చేసేస్తే 200కి పెరుగుతుంది. అదే ఊరు, అదే స్త్రీలు. ఏ అంకె పట్టుకుని కలెక్టరు దగ్గరికి వెళ్తాం?

ఎక్సెల్ అయితే మరీ నమ్మదగ్గది కాదు. సగటు కట్టేటప్పుడు ఖాళీ గడిని వదిలేస్తుంది, ఆ గడి సున్నాకి సమానమా అని సూత్రం రాసి అడిగితే మాత్రం అవునంటుంది. కొన్ని వెతుకులాట ఫారాల్లో 0 టైపు చేస్తే, ఏమీ టైపు చేయలేదనుకుని మొత్తం పేర్లు చూపిస్తాయి. కొత్త ప్రోగ్రాం రాయించుకున్నప్పుడు డబ్బులిచ్చే ముందు ఆ గడిలో సున్నా కొట్టి చూడండి.

జాతీయ గణాంకాల్లోనూ ఈ పేచీ ఉంది. అక్కడ జారిపోయేవి సున్నాలు. 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారని పత్రికలు రాశాయి. తేడా మూడు రెట్లే అనిపిస్తుంది. కానీ ఆ సగటు ఆ రోజు ఇంటిపని చేసినవాళ్లది. చేసినవాళ్లు స్త్రీలలో 81.2 శాతం, పురుషులలో 26.1 శాతం. చేయనివాళ్లు సర్వేకి దొరకనివాళ్లు కారు, వాళ్ల 24 గంటలూ నమోదయ్యాయి. అవి నికార్సయిన సున్నాలు. వాటినీ కలిపి లెక్కేస్తే స్త్రీలకు సుమారు 243 నిమిషాలు, పురుషులకు 25. తేడా తొమ్మిదిన్నర రెట్లు దాటుతుంది. చీపురు ముట్టని మగవాళ్లు సగటులోంచి తప్పుకోవడం వల్ల తక్కిన మగవాళ్లందరికీ మంచిపేరు వచ్చిందన్నమాట!

దీనికి తలకిందులుగా, ఖాళీ సున్నా వేషం వేసుకునేది పనిచేసే చోట. లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుల సంఖ్య వార్షిక నివేదికలో ఇవ్వాలి. "ఫిర్యాదులు: 0" అని వస్తుంది. అసలు అంతర్గత కమిటీయే వేయని చోట ఫిర్యాదు తీసుకునేదెవరు? అది సున్నా కాదు, ఖాళీ. మీ ఫారంలో ఫిర్యాదుల గడికి ముందు "కమిటీ ఉందా, మహిళా ఉద్యోగులకు తెలుసా" అన్న రెండు గడులు పెట్టండి.

అలాగే ప్రతి ముఖ్యమైన అంకె పక్కన కారణం రాసే గడి ఒకటి ఉండాలి: అడగలేదు, చెప్పలేదు, వర్తించదు. కట్నం విషయంలో ఇది మరీ అవసరం. పెళ్లికాని అమ్మాయికి "వర్తించదు". కట్నం లేకుండా పెళ్లయినామెకు 0. తల్లిదండ్రులు ఎంతిచ్చారో తనకే తెలియనామెకు ఖాళీ. (లాంఛనాల పేరుతో ఇచ్చింది ఎక్కడ రాయాలనేది మరో రోజు మాట్లాడుకుందాం.) చెప్పనివాళ్లకు 99 వేసే పాత పద్ధతి మాత్రం మానేయండి, అది సగటులో 99 రూపాయలై కూర్చుంటుంది.

ఇప్పటికే ఖాళీలన్నీ సున్నాలతో నింపేసిన ఫైళ్లున్నవాళ్లు ఆ కాగితం ఫారాలను కట్టలు కట్టి దాచండి. ఆమె చెప్పిన సున్నా ఏదో, మనం కొట్టిన సున్నా ఏదో కంప్యూటరు చెప్పలేదు, కాగితం చూసే విడదీయాలి. వీలైతే ఈ సంవత్సరం కేసులతో మొదలుపెట్టండి.