ఎవరి తాలూకు?



నన్ను ఈ స్నాతకోత్సవానికి పిలిచినప్పుడు రిజిస్ట్రార్ గారితో ఒక మాట అన్నాను. "అయ్యా, నేను శాస్త్రవేత్తను కాను, కంపెనీ పెట్టినవాణ్నీ కాను. ముప్పై ఏళ్లు కాలేజీల కంప్యూటర్ సెంటర్లలో కేబుళ్లు, సర్వర్లు చూసుకున్న మనిషిని. నాచేత ఏం మాట్లాడిస్తారు?" ఆయన నవ్వి, "మీవాళ్లెవరూ ఎప్పుడూ మాట్లాడలేదు కదండీ, అందుకే" అన్నారు. నిజమే. మేం జనానికి గుర్తొచ్చేది వైఫై ఆగిపోయినప్పుడే. అందుకని ఆ వైఫై గురించే మాట్లాడతాను.

ముందు మీరంతా చూసిన ఒక దృశ్యం. పెళ్లివారింటి గుమ్మంలో ఒక కొత్త మొహం కనిపిస్తుంది. ఆడపెళ్లివారి తరఫు పెద్దాయన ఎదురొచ్చి, "బాబూ, మీరు ఎవరి తాలూకు?" అని అడుగుతాడు. "పెళ్లికొడుకు మేనమామ తాలూకండీ." పెద్దాయన పందిట్లో ఉన్న మేనమామ వైపు చూస్తాడు. ఆయన అక్కణ్నుంచే తల ఊపుతాడు. అంతే, వచ్చినాయన వెళ్లి రెండో బంతిలో కూర్చుంటాడు. విస్తట్లో పప్పు వడ్డించేవాడికి ఈయన పేరు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మీ ఫోన్లో ఎడురోమ్ అని ఒక వైఫై పేరు కనిపిస్తుందే, అది చేసే పని సరిగ్గా ఇదే.

చాలా దేశాలకు విశ్వవిద్యాలయాలనూ పరిశోధన సంస్థలనూ కలిపే సొంత నెట్‌వర్క్ ఒకటి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో అప్పట్లో దాని పేరు సర్ఫ్‌నెట్. అక్కడ పనిచేస్తున్న క్లాస్ వీరెంగా అనే ఆయన 2002లో ఒక ఆలోచన చెప్పాడు. ఒక యూనివర్సిటీ మనిషి ఇంకో యూనివర్సిటీకి వెళ్తే అక్కడ కొత్త ఖాతా, కొత్త పాస్‌వర్డ్, నాలుగు సంతకాలు ఎందుకు? ఇంటి దగ్గరి లాగిన్‌తోనే అక్కడా వైఫై రావచ్చు కదా? మొదట నెదర్లాండ్స్, జర్మనీ, ఫిన్లాండ్, పోర్చుగల్, క్రొయేషియా, బ్రిటన్ దేశాల సంస్థలు చేరాయి. ఐరోపా బయటి నుంచి మొట్టమొదట చేరింది ఆస్ట్రేలియా, 2004 డిసెంబరులో. ఇవాళ అది నూరు దేశాలు దాటింది. మన దేశంలో దాన్ని నడిపేది ఎర్నెట్ ఇండియా.

ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మెకానికల్ వాళ్లు, సివిల్ వాళ్లు కూడా ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

మీ యూజర్ పేరులో ఎట్ గుర్తు ఉంటుంది. దానికి ముందున్నది మీరు. తర్వాత ఉన్నది "ఎవరి తాలూకు?" అన్న ప్రశ్నకు జవాబు. మీరు హెల్సింకీలో ఒక యూనివర్సిటీ కారిడార్లో నిలబడి ఫోన్ తెరిచారనుకుందాం. అక్కడ లాగిన్లు చూసుకునే రేడియస్ సర్వర్ ఎట్ గుర్తు తర్వాత ఉన్న ముక్క మాత్రమే చదువుతుంది. "ఈ మనిషి మా తాలూకు కాదు" అనుకుని ఫిన్లాండ్ జాతీయ సర్వర్‌కి పంపిస్తుంది. అది "మా దేశం తాలూకు కాదు" అని పైకి పంపిస్తుంది. పైనుంచి మన దేశపు సర్వర్‌కి, అక్కణ్నుంచి మీ కాలేజీకి వస్తుంది. మీ పాస్‌వర్డ్ ఇదంతా దాటుకుని వచ్చేది సీలు వేసిన కవర్లో. ఆ సీలు విప్పే తాళంచెవి మీ కాలేజీ దగ్గరే ఉంటుంది. దారిలో ఉన్న ఏ సర్వరూ లోపలికి తొంగిచూడలేదు. మీ కాలేజీ కవరు విప్పి, సరిచూసి, ఒకే ఒక్క మాట వెనక్కి పంపుతుంది: ఔను, లేదా కాదు. ఇదంతా మీరు ఫోన్ జేబులో పెట్టుకునే లోపు అయిపోతుంది.

ఒక రాత్రి నాకు బాగా గుర్తు. పదకొండు గంటలు. సర్వర్ గదిలో ఏసీ నీళ్లు కారుస్తోంటే కింద బకెట్ పెట్టి, ఆ చప్పుడు వింటూ లాగ్ చూస్తున్నాను. ఫిన్లాండ్ నుంచి ఒక అభ్యర్థన వచ్చింది. మా కుర్రాడిదే, విద్యార్థుల మార్పిడి కార్యక్రమం కింద ఆ వారమే వెళ్లాడు. తిరస్కరణ. నిమిషం తర్వాత మళ్లీ తిరస్కరణ. మూడోసారీ అంతే. వెళ్లే ముందు పాస్‌వర్డ్ మార్చుకుని ఉంటాడు, పాతదే కొడుతున్నాడు అనుకున్నాను. అక్కడ సాయంత్రం ఏడున్నర అయివుంటుంది, చలికాలం, ఎప్పుడో చీకటి పడిపోయి ఉంటుంది. నాకు వాడి ఫోన్ నంబరు తెలియదు. తెలిసినా ఏం చెప్పను? కుర్చీలోంచి లేవకుండా చూస్తూ కూర్చున్నాను. నాలుగోసారి ఆమోదం అని పడింది. ఆ వరస అక్షరాలు చూసి ఎంత ఆనందపడ్డానో మా ఇంట్లోవాళ్లకి ఇప్పటికీ అర్థం కాలేదు. నేను చేసిందేమీ లేదు. నా సర్వరు వేల కిలోమీటర్ల దూరం నుంచి అడిగినవాళ్లకి "వాడు మావాడే" అని ఒక మాట చెప్పింది, వాళ్లు నమ్మారు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చేది, చదివింపుల పుస్తకం లేకపోవడం. పెళ్లిలో ఒక మూల బల్ల వేసుకుని ఒకాయన ఎవరు ఎంత చదివించారో రాసుకుంటుంటాడు కదా? సెల్‌ఫోన్ కంపెనీల రోమింగ్ అలాంటిదే. మీరు పరాయి దేశంలో ఫోన్ వాడితే రెండు కంపెనీలు తర్వాత కూర్చుని లెక్క తేల్చుకుంటాయి, ఆ లెక్క చివరికి మీ బిల్లులోకి వస్తుంది. ఎడురోమ్‌లో అతిథి దగ్గర డబ్బు తీసుకోరు, అతిథిని పంపిన సంస్థకి బిల్లు వేయరు. ఏ దేశానికి ఎక్కువమంది వచ్చారు, ఎవరికి నష్టం అన్న తగువు లేదు. మొదట్లో అలాంటి లెక్క పెట్టి ఉంటే, ఇది ఏ పది దేశాల దగ్గరో ఆగిపోయి ఉండేదని నా నమ్మకం. సగం దేశాలు లెక్క తేలక ముందే లేచిపోయేవి.

వైఫై చిన్న విషయం అని మీరనొచ్చు. అది మొదటి మెట్టు మాత్రమే. అదే మాట మీద, అదే నమ్మకం మీద ఇంకా పెద్ద పనులు జరుగుతున్నాయి. 2011 నుంచి ఎడుగెయిన్ అని ఒక ఏర్పాటు నడుస్తోంది. ఒక్కో దేశంలో విశ్వవిద్యాలయాల లాగిన్లను కలిపే సమాఖ్య ఒకటి ఉంటుంది. మన దగ్గర ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఇన్‌ఫెడ్ అలాంటిదే. హాస్టల్ గదిలో కూర్చుని కాలేజీ లాగిన్‌తో జర్నల్ వ్యాసం తెరిచినవాళ్లు దాన్ని వాడేవుంటారు, పేరు తెలియకపోయినా. ఎడుగెయిన్ ఈ సమాఖ్యలను కలుపుతుంది. అందువల్ల ఒక దేశపు పరిశోధకుడు తన యూనివర్సిటీ లాగిన్‌తోనే ఇంకో దేశంలోని డేటా భాండాగారంలోకి, జెనీవా దగ్గరి సెర్న్ లాంటి ప్రయోగశాలల సేవల్లోకి వెళ్లే వీలు కలిగింది.

వీలు కలిగింది అన్నాను, గమనించారా? అన్నిసార్లూ వెళ్లగలడని అనలేదు. ఇక్కడ చిక్కు సాంకేతికమైనది కాదు, మనిషి స్వభావానిది. అవతలి సేవ అడుగుతుంది: "ఔను మీవాడే, ఒప్పుకున్నాం. పేరేమిటి? ఈమెయిల్ ఏమిటి? ఖాతా తెరవాలి కదా." ఇంటి యూనివర్సిటీ నోరు విప్పదు. గోప్యత చట్టం ఏమంటుందో, రేపు ఎవరు సంజాయిషీ అడుగుతారో అని భయం. మేనమామ తల ఊపాడు కానీ పేరు చెప్పనంటున్నాడు, వచ్చినవాడు గుమ్మంలోనే నిలబడ్డాడు. పరిశోధన కోసం పనిచేసే సేవలకు పేరు, ఈమెయిల్ లాంటి నాలుగు వివరాలు ఇవ్వొచ్చు అని సమాఖ్యలు ఒక ఉమ్మడి వర్గీకరణ తయారుచేసుకున్నాయి. చాలా సంస్థలు ఇంకా అందుకు కావలసిన ఒక్క సెట్టింగ్ మార్చలేదు. మార్చడానికి పది నిమిషాలు చాలు. మార్చమని సంతకం పెట్టే మనిషి దొరకడానికి రెండేళ్లు పడుతుంది.

పంచుకోవడం అంటే తలుపులు తెరవడమే కాదు, వండినది పంచుకోవడం కూడా. ఈమెయిల్‌లో పట్టని పెద్ద ఫైళ్లు పంపడానికి ప్రతి దేశమూ విడిగా ఒక సాఫ్ట్‌వేర్ రాసుకోనక్కర్లేదని ఐర్లండ్, ఆస్ట్రేలియా, నార్వే నెట్‌వర్కులు కలిసి ఫైల్‌సెండర్ తయారుచేశాయి. కోడ్ అందరికీ ఇచ్చేశాయి. ఇవాళ ఎన్నో దేశాలు దాన్నే తెచ్చుకుని తమ పేరు పెట్టుకుని నడుపుకుంటున్నాయి.

ఆఫ్రికా సంగతి వేరు. అక్కడ పంచుకోవడానికి ముందు దారే ఉండేది కాదు. పక్కపక్క దేశాల్లోని రెండు యూనివర్సిటీల మధ్య పంపిన ఈమెయిల్ ఐరోపా చుట్టి వచ్చేది, పక్కింటికి కూర గిన్నె పంపడానికి కాశీ మీదుగా వెళ్లినట్టు. ఆ ఖర్చంతా డాలర్లలో ఆ పేద యూనివర్సిటీలే కట్టేవి. 2005లో కెన్యా, మలావి, మొజాంబిక్, రువాండా, దక్షిణాఫ్రికా నెట్‌వర్కులు ఉబుంటునెట్ అలయన్స్ అని ఒక కూటమి కట్టి, మా మధ్య దారి మేమే వేసుకుంటాం అన్నాయి. ఒక్కో దేశం విడివిడిగా బేరమాడితే వినని కేబుల్ కంపెనీలు, అందరూ కలిసి వెళ్తే కుర్చీ వేశాయి.

మనం మరీ వెనకబడి లేం. ఎర్నెట్ 1986లో మొదలైంది. ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ, మొత్తం 8 చోట్లతో. మన దేశానికి ఇంటర్నెట్ రుచి చూపించింది వాళ్లే. 2010లో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కి 5,990 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి. 2025 జనవరిలో ఒకే దేశం ఒకే చందా పథకం మొదలై, 30 ప్రచురణ సంస్థల జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు ఒక్క చందాతో అందుతున్నాయి. దారి వేశాం, సరుకు కొన్నాం. కానీ దేశంలో ఉన్న వేల కాలేజీల్లో ఎడురోమ్‌లో చేరినవి కొద్ది భాగమే. జిల్లా కేంద్రంలో డిగ్రీ కాలేజీ లెక్చరర్ హైదరాబాద్‌లో సెమినార్‌కి వస్తే, పక్కన కూర్చున్న ఐఐటీ ప్రొఫెసర్ ఫోను దానంతటదే కలుస్తుంది. ఈయన మాత్రం వాలంటీర్ కుర్రాణ్ని హాట్‌స్పాట్ అడుగుతాడు. చేరడానికి కావలసింది ఒక చిన్న సర్వరు, దాన్ని పట్టించుకునే ఒక మనిషి. సర్వర్ దొరుకుతుంది. ఆ మనిషి కోసం పోస్టు మంజూరు కాదు.

మా పనిలో తప్పులు లేవని అనను. ఒకటి నాదే, ఒప్పుకుంటాను. నేను పనిచేసిన ఒక కాలేజీలో ఎడురోమ్ పెట్టినప్పుడు, ఫోన్లలో సర్టిఫికెట్ దగ్గర అందరూ తడబడుతున్నారని, "సర్టిఫికెట్ సరిచూడవద్దు అన్నది ఎంచుకోండి" అని నోటీసు బోర్డులో కాగితం అంటించాను. పని తేలికైంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. ఆ పని ఎంత ప్రమాదమో తర్వాత తెలిసింది. సీలు కవరు అన్నానే, సర్టిఫికెట్ సరిచూడకపోతే ఆ కవరు ఎవరి చేతిలో పెడుతున్నారో మీ ఫోనుకి తెలియదు. బస్టాండులో ఎవడో అదే పేరుతో దొంగ వైఫై పెడితే, పాస్‌వర్డ్ వాడి చేతిలో పెట్టేస్తుంది. పెళ్లివారి గుమ్మంలో ఎదురొచ్చిన పెద్దాయన అసలు పెళ్లివారి మనిషేనా అని చూసుకోవడం కూడా అతిథి బాధ్యతే. ఆ కాగితం నేనే చించేశాను, కానీ అది ఫోటోలుగా వాట్సాప్‌లో ఇంకో మూడేళ్లు తిరిగింది.

ఇంకొక్క సంగతి చెప్పి కూర్చుంటాను. అది నేరుగా మీకు సంబంధించినది.

నూరు దేశాల్లో మా మాట చెల్లుతోందంటే, మేం "ఔను" అన్నప్పుడు నిజంగా ఔను కాబట్టి. అంటే "ఇక కాదు" అని చెప్పాల్సిన రోజున అదీ చెప్పాలి. వెళ్లిపోయినవాళ్ల ఖాతాలు ఏళ్ల తరబడి అలాగే వదిలేసే కాలేజీ మాటకు విలువ పోతుంది, దానితోపాటు ఆ దేశం మాటకూ పోతుంది. ఎక్కడో మా ఖాతా ఒకటి వాడి దొంగతనం జరిగి, ఆ ఖాతా ఎవరిదని అడిగితే, ఎప్పుడో వెళ్లిపోయాడండీ అని చెప్పడం కన్నా అవమానం మా వృత్తిలో లేదు.

అందుచేత మీ ఖాతాలూ మూసేస్తారు. మీలో చాలామంది వచ్చే నెల అమెరికాకో జర్మనీకో విమానం ఎక్కబోతున్నారని తెలుసు. అక్కడి యూనివర్సిటీ లాగిన్ ఇచ్చేదాకా కొన్నాళ్లు మీరు ఎవరి తాలూకూ కాదు. ఆ వారం పది రోజులకి ఒక సిమ్ కార్డు కొనుక్కుని వెళ్లండి. ఇక్కడి మీ లాగిన్ ఈ నెలాఖరు రాత్రి 12 గంటల వరకే పనిచేస్తుందని కంప్యూటర్ సెంటర్ వాళ్లు నాతో చెప్పారు. పొడిగించమని వాళ్లని బతిమాలకండి, వాళ్లు ఒప్పుకోకూడదు. డ్రైవ్‌లో ఉన్న ప్రాజెక్టు రిపోర్టులు, హాస్టల్ ఫోటోలు ఆలోపే కాపీ చేసుకోండి.